పోట్లాటలు తగ్గాలి, తోడుపడే అలవాటు పెరగాలి: ప్రైమరీ టీచర్లకు సమగ్ర మార్గదర్శి

"టీచర్, వీడు నా రబ్బరు తీసుకున్నాడు." "సార్, ఇది నన్ను వెక్కిరిస్తోంది." "టీచర్, వాళ్లు నన్ను ఆటలో చేర్చుకోవట్లేదు." ఒకటి నుంచి ఐదు తరగతులకు పాఠం చెప్పేవాళ్లకు ఈ మూడు ఫిర్యాదులూ నిద్రలో కూడా వినిపిస్తాయి. మన దగ్గరున్న మందులూ తెలిసినవే. బోర్డు మీద నీతివాక్యం, అసెంబ్లీలో ఐదు నిమిషాల ఉపన్యాసం, క్లాస్ లీడర్ చేతికి చాక్‌పీసు, ఇవేవీ పనిచేయకపోతే గోడకుర్చీ.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. అందరితో మంచిగా ఉండాలని తెలియక పిల్లలు పోట్లాడరు. అడిగి చూడండి, టక్కున అప్పజెప్తారు. ముప్పై మందికి ఒకే కుళాయి, బెంచీకి ఒకే షార్ప్‌నర్, టీచర్ పక్క తరగతికి లెక్కలు చెప్తున్న పదిహేను నిమిషాలు. తగాదాలు పుట్టేది వీటి దగ్గర. పని అక్కడే మొదలుపెట్టాలి, నీతి తర్వాత చెప్పుకోవచ్చు.

పాతిక ముప్పై మంది పిల్లలు, ఒకరో ఇద్దరో టీచర్లు, రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చునే సర్కారు బడిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ప్రైవేటు బడిలో కుళాయి దగ్గర తోపులాట ఉండకపోవచ్చు, వ్యాన్ ఎక్కేచోట మాత్రం ఉంటుంది.

మొదటి అడుగు: ఒక వారం ఊరికే చూడండి

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని, గొడవ జరిగిన ప్రతిసారీ ఒక్క లైను రాయండి. ఎన్ని గంటలకు, ఎక్కడ, దేని గురించి, ఆ సమయానికి మీరెక్కడున్నారు. ఎవరు చేశారన్నది చివర్లో రాయండి. పేరు ముందు రాస్తే మన చూపు ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది.

వారం తిరిగేసరికి గొడవలు రోజంతా సమానంగా పరుచుకుని లేవని తెలుస్తుంది. ఎక్కువ భాగం రెండు మూడు చోట్లే జరుగుతాయి. ఉదయం బెల్లు కొట్టకముందు టీచర్లు రిజిస్టర్లతో కుస్తీ పడే సమయం, మధ్యాహ్న భోజనం లైను, ప్లేట్లు కడిగే చోటు, ఆటకు జట్లు వేసుకునే ఐదు నిమిషాలు. ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. మనం అల్లరివాడని ముద్ర వేసినవాడు ప్రతి గొడవలోనూ ఉంటాడు, కానీ మొదలుపెట్టింది చాలాసార్లు వాడు కాదు. నెమ్మదిగా గిల్లి అమాయకంగా కూర్చునేవాళ్లు వేరే ఉంటారు.

పదకొండు గంటలప్పుడు ఎవరు ఊరికే చిరాకుపడుతున్నారో కూడా గమనించండి. ఇంట్లో ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు వాళ్లలో ఉంటారు. ఆకలి మీద ఉన్నవాడికి సహనం గురించి చెప్పి లాభం లేదు.

రెండో అడుగు: తగాదా పుట్టే చోటును మార్చండి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే పాటించగలనంటే ఇదే పాటించండి.

పెన్సిళ్లతో మొదలుపెడదాం. టేబుల్ మీద ఒక డబ్బా పెట్టి పది పొట్టి పెన్సిళ్లు, నాలుగు రబ్బర్లు వేయండి. రెండు షార్ప్‌నర్లకు దారం కట్టి కిటికీ చువ్వకు వేలాడదీయండి. లేనివాళ్లు తీసుకుని, బడి వదిలేముందు తిరిగి వేయాలి. డబ్బాలో లెక్క చూసే పని రోజుకొకరిది. కొన్ని పోతాయి, పోనివ్వండి. "నా పెన్సిలు" పంచాయతీలు తీర్చడానికి పోయే సమయం ముందు ఆ ఖర్చు ఎంత!

తర్వాత లైను. పిల్లలను ఐదారుగురు చొప్పున గ్రూపులు చేసి నదుల పేర్లు పెట్టండి: గోదావరి, కృష్ణ, పెన్న, మంజీర, నాగావళి. ఈ సోమవారం నుంచి శనివారం వరకు భోజనానికి, నీళ్లకు, ఆటకు ముందు గోదావరి, వచ్చే వారం కృష్ణ. ఎవరు ముందో గోడ మీద రాసి ఉంటుంది కాబట్టి తోసుకుని సాధించేది ఉండదు. గ్రూపులో అన్ని తరగతుల పిల్లలు, ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఉండాలి. రెండు నెలలకోసారి గ్రూపులు మార్చండి.

ఆటకు జట్లు వేసేటప్పుడు ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి ఒక్కొక్కరినే ఎంచుకోమనే పద్ధతి మానేయండి. ఆఖర్న మిగిలిపోయే పిల్లవాడెవరో మీకు ఇప్పటికే తెలుసు, ప్రతిసారీ వాడే. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్క పెట్టించండి. ఒకట్లన్నీ ఒక జట్టు, రెండ్లన్నీ ఇంకో జట్టు.

భోజనం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆకలి తీరడం ఒక మేలైతే, ఊరి పిల్లలందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినడం ఇంకో మేలు. ఆ రెండో మేలు దానంతటదే రాదు. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ఎవరు గోడ వైపు తిరిగి తింటున్నారు, ఎవరి ప్లేటు ఎవరు ముట్టుకోవట్లేదు అన్నది చూడండి. పేట వారీగా పంక్తులు పడుతుంటే ఉపన్యాసం ఇవ్వకండి. గ్రూపుల వారీగా కూర్చోబెట్టండి, వారానికి రెండు మూడు రోజులు మీరూ ప్లేటు పట్టుకుని ఒక్కో రోజు ఒక్కో గ్రూపుతో కూర్చోండి. వడ్డించేటప్పుడు వంట చేసే అక్కలకు సాయం చేసే పని కూడా వంతుల వారీగా ఇవ్వండి. "అక్కా, కొంచెం పప్పు వేయండి" అని అడగడం, గుడ్డు అందుకుని "థాంక్సక్కా" అనడం పిల్లలు అక్కడ నేర్చుకున్నంత బాగా పాఠంలో నేర్చుకోరు.

మూడో అడుగు: నియమాలు మూడు చాలు, అవీ ఆడి చూపించాలి

పదిహేను నియమాల చార్టు ఎవరూ చదవరు. "మన తరగతిలో మీకు ఏం జరిగితే బడికి రావాలనిపించదు?" అని అడగండి. కొడితే, వెక్కిరిస్తే, ఆటలో చేర్చుకోకపోతే అంటారు. వాటినే చేయాల్సిన పనులుగా తిప్పి రాయించండి. ఉదాహరణకు: అడిగి తీసుకుంటాం, వాడాక తిరిగి ఇస్తాం. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లం వింటాం. ఆటలోకి వస్తామన్నవాళ్లను రానిస్తాం.

రాసి గోడకు అంటిస్తే పని అయిపోదు. ఒక్కో నియమాన్నీ నాటకంలా వేయించండి. ముందు తప్పు పద్ధతి, అది వాళ్లకు మహా సరదా: రబ్బరు లాక్కోవడం, అరవడం. తర్వాత సరైన పద్ధతి. "నీ రబ్బరు ఒకసారి ఇస్తావా?" "నేను వాడుతున్నా, అయ్యాక ఇస్తా." ఈ రెండో మాటను ప్రత్యేకంగా నేర్పాలి. అడిగినంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు, కాదనడం కూడా మర్యాదగా చెప్పొచ్చు అని పిల్లలకు ఎవరూ చెప్పరు.

రెండో నియమం మనకూ వర్తిస్తుంది. పిల్లవాడు చెప్తుండగా ఫోన్ చూసుకుంటే ఆ చార్టు విలువ ఆ రోజుతో సరి.

నాలుగో అడుగు: మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించడం ఆపండి

టీచర్ బయటికి వెళ్తే లీడర్ చాక్‌పీసు పట్టుకుని పేర్లు రాయడం మన బడుల్లో తరతరాలుగా ఉంది. దానివల్ల వచ్చేది నిశ్శబ్దం కాదు. లీడర్ స్నేహితుల పేర్లు రావు, పెన్సిలు ఇవ్వనివాడి పేరు పక్కన ఇంటూ మార్కులు పెరుగుతాయి. ఇంటర్వెల్లో పేరు తుడిపించుకోవడానికి చిక్కీ చేతులు మారుతుంది. పదేళ్ల పిల్లకు ఇంత అధికారం ఇచ్చి న్యాయంగా ఉండమనడం ఆ పిల్లకే అన్యాయం.

దాని బదులు అందరికీ ఏదో ఒక పని ఉండాలి. మొక్కలకు నీళ్లు, చాక్‌పీసులు, చెప్పులు వరసగా పెట్టించడం, పుస్తకాలు పంచడం, రాని పిల్లలకు ఆ రోజు హోంవర్కు చెప్పడం, కొత్తగా చేరినవాళ్లకు తోడు. పదిహేను రోజులకోసారి పనులు మారాలి. ఎక్కువ అల్లరి చేసేవాడికి బరువైన పని ఇవ్వండి. తాళం తీయడం, బెల్లు కొట్టడం లాంటివి.

మీరు ఇంకో తరగతికి చెప్తున్నప్పుడు ఈ తరగతి కుదురుగా ఉండాలంటే ఒక ఆట ఉంది. 1969లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఒక నాలుగో తరగతిలో ఆడించి చూసి, ఫలితాలు ప్రచురించారు. తరగతిని రెండు జట్లు చేశారు. ఎవరైనా అనుమతి లేకుండా లేచినా, అడ్డంగా మాట్లాడినా గీత పడేది జట్టుకు, పిల్లవాడి పేరుకు కాదు. తక్కువ గీతలున్న జట్టు గెలుస్తుంది. రెండు జట్లకూ ఐదు లోపే ఉంటే రెండూ గెలిచినట్టే. బహుమతులు కూడా ఖర్చులేనివి: భోజనానికి ముందు వెళ్లడం, కాసేపు ఇష్టమైన పని చేసుకోవడం లాంటివి.

మన దగ్గర ఆడించేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదట్లో పది నిమిషాలకు మించి వద్దు, రోజంతా ఆడిస్తే పాతబడిపోతుంది. రెండోది, "నీవల్లే ఓడిపోయాం" అని ఒకడి మీద పడితే ఆట అక్కడే ఆపండి. కావాలని చెడగొట్టేవాడుంటే వాడిని ఒక్కడినే మూడో జట్టుగా పెట్టండి. చెడగొట్టినా ఎవరికీ నష్టం లేదని తెలిశాక రెండు రోజుల్లో తనే పాత జట్టులోకి వస్తానంటాడు.

ఐదో అడుగు: మెచ్చుకునే పద్ధతి

"గుడ్ బాయ్", "వెరీ గుడ్" అని రోజుకు వందసార్లు అంటాం. దేనికి అన్నామో పిల్లవాడికి తెలియదు. చూసింది చూసినట్టు చెప్పండి: "తన బలపం విరిగిపోతే నీది సగం విరిచి ఇచ్చావు. అందుకే తన లెక్క ఆగలేదు." ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. చేసిన పని ఉంది, దానివల్ల ఇంకొకరికి జరిగిన మేలు ఉంది. అంతే చాలు.

"చూడండి, ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అనే మాట మాత్రం వద్దు. ఆ అమ్మాయికి ఇంటర్వెల్లో ఒక్క స్నేహితురాలు కూడా మిగలదు. బిడియం ఉన్న పిల్లలకు అందరి ముందూ చప్పట్లు కొట్టిస్తే ఇంకాస్త ముడుచుకుపోతారు. వాళ్ల నోట్‌బుక్ దిద్దుతూ చెవిలో చెప్పండి.

చాక్లెట్లు, స్టార్లు ఇవ్వొచ్చా అని చాలామంది అడుగుతారు. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో చేసిన ఒక పరిశోధన 1973లో వెలువడింది. బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి "వేస్తే బహుమతి ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొన్ని రోజుల తర్వాత ఆ పిల్లలే బొమ్మలు వేయడం తగ్గించేశారు. ముందుగా ఏమీ చెప్పకుండా బహుమతి ఇచ్చినవాళ్లలో, అసలు ఇవ్వనివాళ్లలో ఆ ఇష్టం తగ్గలేదు. తోడుపడటానికి రేటు కట్టొద్దని నేననేది ఇందుకే. "స్టార్ ఇస్తారా టీచర్?" అని అడిగాకే కిందపడ్డ పుస్తకం తీసే తరగతి తయారైతే మనకే తలనొప్పి. ఎప్పుడైనా అనుకోకుండా తరగతి మొత్తానికి పదిహేను నిమిషాలు ఎక్కువ ఆడుకోనిస్తే తప్పు లేదు.

ఆరో అడుగు: చాడీలు, తగాదాలు తీర్చడం

చాడీకీ, చెప్పాల్సిన మాటకూ తేడా నేర్పండి. "వాడిని తిట్టించడానికి చెప్తున్నావా, ఎవరికైనా దెబ్బ తగలకుండా చెప్తున్నావా?" అని అడిగితే ఒకటో తరగతి వాళ్లు కూడా ఆలోచిస్తారు. రెండోది ఎప్పుడైనా, పాఠం మధ్యలోనైనా చెప్పొచ్చు. మొదటిదానికి ఒక డబ్బా పెట్టండి, రాసి వేయమనండి. రాయడానికి బద్ధకించి సగం చాడీలు అక్కడే ఆగిపోతాయి. మిగిలినవి సాయంత్రం తప్పకుండా చదవండి. అసలైన సంగతులు కొన్ని అందులోనే దొరుకుతాయి.

ఇక తగాదా. మూడో తరగతి పిల్లలు ఇద్దరు, చిరిగిన నోట్‌బుక్ అట్ట ఒకటి.

"ఇద్దరి మాటా వింటాను. ఒకరు చెప్తుంటే రెండోవాళ్లు మధ్యలో మాట్లాడొద్దు. చెప్పు నాన్నా."

"వీడు నా అట్ట చించాడు సార్."

"వాడేమన్నాడు?"

"నేను చించానంట. కానీ ముందు వాడే సార్..."

"అది నీ వంతులో చెప్దువు. ఇప్పుడు వాడు అన్నది ఒక్కటే చెప్పు."

"అట్ట చించానన్నాడు."

"సరే, ఇప్పుడు నీ వంతు."

"నా బొమ్మ చూసి కోతిలా ఉందన్నాడు సార్. అందరూ నవ్వారు."

"విన్నావా? ఏమన్నాడు?"

"...కోతి అన్నానంట. ఊరికే అన్నా సార్."

"సరే. దీన్ని ఎలా సరిచేద్దాం? నీకేం కావాలి, నీకేం కావాలి?"

ఇద్దరిలో ఎవరు తప్పో మీరు తేల్చలేదు, తేల్చాల్సిన అవసరమూ లేదు. అవతలివాడి మాటను తన నోటితో చెప్పేటప్పటికి కోపం సగం దిగుతుంది. అట్ట చించినవాడు గమ్, పాత న్యూస్‌పేపరు తెచ్చి అట్ట వేసిస్తాడు. కోతి అన్నవాడు ఏం చేయాలో అవతలివాడే చెప్తాడు. "ఇంక అననని వాళ్లందరి ముందూ చెప్పాలి" అని అడిగేవాళ్లే ఎక్కువ. "సారీ చెప్పి షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి" అని తోసేస్తే పళ్లు నూరుతూ సారీ చెప్పి గేటు బయట మిగతాది పూర్తిచేస్తారు.

ఈ పద్ధతి సమానబలం ఉన్న ఇద్దరి మధ్య గొడవకే. ఒకడు ఇంకొకడిని రోజూ పీడిస్తుంటే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకండి, దెబ్బలు తిన్నవాడు భయంతో అబద్ధం చెప్తాడు. విడివిడిగా మాట్లాడండి, చెప్పిన పిల్లవాడి పేరు బయటపెట్టకండి. మరుగుదొడ్ల దగ్గర, ఇంటికి వెళ్లే దారిలో ఎవరు తోడుంటారో మీరే ఏర్పాటు చేయండి.

రంగు, లావు, నత్తి, నాన్న చేసే పని, కులం, ఊరి పేరు పెట్టి పిలవడం దగ్గర మాత్రం బేరం లేదు. విన్న క్షణంలోనే ఆపండి: "మన తరగతిలో ఆ పేరుతో పిలవం. తన పేరేంటో చెప్పి పిలువు." పెద్ద క్లాసు పీకొద్దు, నవ్వి ఊరుకోనూ వద్దు. ముందు స్టాఫ్‌రూమ్‌లో మనం వాడే "మొద్దు", "నల్లోడు" లాంటివి మానితే సగం పని అయినట్టే. పిల్లలు ఆ పేర్లు నేర్చుకునేది చాలాసార్లు మన నోటి నుంచే.

ఏడో అడుగు: దయను ఒక పనిగా అప్పజెప్పండి

కెనడాలోని వాంకూవర్‌లో 9 నుంచి 11 ఏళ్ల పిల్లలతో చేసిన ఒక ప్రయోగం 2012లో వెలువడింది. నాలుగు వారాల పాటు సగం మంది పిల్లలు వారానికి మూడు మంచి పనులు చేశారు, మిగతా సగం మంది వారానికి మూడు చోట్లకు వెళ్లి వచ్చారు. ఇద్దరికీ సంతోషం పెరిగింది. కానీ మంచి పనులు చేసినవాళ్లతో కలిసి పనిచేస్తామని చెప్పిన తోటిపిల్లల సంఖ్య ఎక్కువగా పెరిగింది. స్నేహితులు లేని పిల్లవాడి గురించి ఆలోచించే టీచరుకు ఇది పనికొచ్చే సంగతి.

మన బడిలో అదే నాలుగు వారాలు చేసి చూడొచ్చు. నాలుగు, ఐదు తరగతులవాళ్లు చేసిన పని ఒక్క వాక్యంలో రాస్తారు, ఒకటి, రెండు తరగతులవాళ్లు బొమ్మ వేస్తారు. ఇంట్లో చేసినవీ చెల్లుతాయి: నానమ్మకు మందులు అందించడం, తమ్ముడికి చొక్కా గుండీలు పెట్టడం. శుక్రవారం ఇష్టమున్నవాళ్లు చదువుతారు. ఎవరు ఎన్ని చేశారని లెక్క కట్టొద్దు. ఇంకో మనవి, ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఫొటో వస్తుందంటే పిల్లలు ముసలామె చేతి సంచిని బలవంతంగా లాక్కుని మరీ మోస్తారు.

పాఠంలోనే ఒకరి అవసరం ఒకరికి పడేలా కూడా చేయొచ్చు. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో అప్పటిదాకా వేరువేరుగా చదివిన తెల్ల, నల్లజాతి, మెక్సికన్ మూలాలున్న పిల్లలను ఒకే గదిలో కూర్చోబెడితే గొడవలు రేగాయి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు అక్కడ ఒక పద్ధతి తెచ్చారు. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. మిగతావాళ్లు చెప్పింది వింటే తప్ప ఎవరికీ పాఠం పూర్తిగా రాదు.

పరిసరాల విజ్ఞానంలో నీటి పాఠాన్ని తీసుకోండి. ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఇంట్లో ఎలా నిల్వ చేస్తారు, ఎవరు మోస్తారు, ఎక్కడ వృథా అవుతాయి, మురికి నీటితో ఏ జబ్బులు వస్తాయి. గ్రూపులో ఐదుగురికి ఐదు ముక్కలు. ముందు అన్ని గ్రూపుల్లోనూ ఒకే ముక్క వచ్చినవాళ్లు ఒకచోట చేరి తయారవుతారు. చదవడం రానివాడు అక్కడ విని నేర్చుకుంటాడు, తర్వాత తన గ్రూపుకు వెళ్లి చెప్తాడు. ఇటుక బట్టీల దగ్గరికి ఒడిశా నుంచి వచ్చిన పిల్ల, తండా నుంచి వచ్చే పిల్లవాడు తెలుగులో తడబడుతుంటే బొమ్మ ఇచ్చి చూపిస్తూ చెప్పమనండి. తడబడుతున్నా వినాలి, లేకపోతే ఆ ముక్క ఎవరికీ రాదు.

ఎనిమిదో అడుగు: ఎంత చేసినా దారికి రాని పిల్లవాడు

తరగతికి ఒకరో ఇద్దరో ఉంటారు. రోజూ రెండు నిమిషాలు, పది రోజుల పాటు వాడితో అల్లరి, చదువు తప్ప ఇంకేదైనా మాట్లాడండి. మేకపిల్ల, క్రికెట్, పక్కూరి జాతర, ఏదైనా సరే. ఈలోగా చెవులు, కళ్లు పరీక్ష చేయించండి. వినపడక పలకనివాడిని మొండివాడని అనుకున్న సందర్భాలు మన బడుల్లో తక్కువేం కాదు. ఒంటి మీద దెబ్బలు కనిపించినా, ఇంట్లో ఏదో జరుగుతోందనిపించినా హెచ్‌ఎంకు చెప్పండి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

తండ్రి వచ్చి "తోలు తీయండి సార్, నేనేమీ అనను" అంటాడు. ఆయన అనుమతితో పని లేదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది, ఉల్లంఘించిన టీచరుపై శాఖాపరమైన చర్య ఉంటుంది. గోడకుర్చీ, గుంజీలు కూడా ఇందులోకే వస్తాయి. అయితే తండ్రికి చట్టం చదివి వినిపిస్తే నొచ్చుకుంటాడు. "కొడితే నా ముందు ఊరుకుంటాడన్నా, మీ వీధిలో చిన్నవాళ్లను కొడతాడు. ఇంట్లో వాడు దేనికి మాట వింటాడో చెప్పండి, ఇక్కడా అదే చేద్దాం" అనండి. అంతకన్నా ముందు, గొడవ జరగని రోజున ఒకసారి ఫోన్ చేసి వాడు చేసిన ఒక మంచి పని చెప్పండి. బడి నుంచి ఫోనంటేనే తిట్లని అలవాటుపడ్డ ఇంట్లో ఆ ఫోన్ చాలా పని చేస్తుంది.

ఎప్పుడు ఏది

అన్నీ జూన్‌లోనే మొదలుపెట్టకండి. బడి తెరిచిన నెలలో మొదటి మూడు అడుగులు, జూలైలో పనుల వంతులు, ఆట. దయ పనుల నాలుగు వారాలు దసరా సెలవుల తర్వాతే బాగుంటాయి, అప్పటికి పిల్లలు ఒకరికొకరు అలవాటవుతారు. దసరాకూ, సంక్రాంతికీ ఇళ్ల దగ్గర గడిపి వచ్చాక సగం మర్చిపోతారు, టెన్షన్ పడొద్దు. ఆ మొదటి రోజు పాఠం పక్కన పెట్టి కుళాయి దగ్గర, భోజనం లైన్లో, ఆటస్థలంలో మళ్లీ ఒకసారి నడిపించండి.

మీరు సెలవు పెట్టే రోజున వచ్చే టీచరు కోసం టేబుల్ సొరుగులో ఒక పేజీ ఉంచండి. గ్రూపుల పేర్లు, ఈ వారం ముందు ఎవరు, మూడు నియమాలు, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదు, ఏ పిల్లవాడికి ఏ పని ఇస్తే కుదురుగా ఉంటాడు. డబ్బాలో పెన్సిళ్లు ఎన్నో కూడా రాయండి, ఆ రోజే ఎక్కువ పోతాయి.